మిస్డ్ కాల్ హాజరు

రెండువేల ఐదులో నేను హుస్సేనీ ఆలంలో బాలమ్మ ఇంట్లో కిరాయికి ఉండేవాణ్ని. ఇల్లంటే రెండు అర్రలు, మధ్యన షాబాదు బండలు పరిచిన చిన్న వాకిలి. వీధి వైపు అర్ర నాది, లోపలిది ఆమెది. భర్త పోయాడు, పిల్లలు లేరు. పొద్దున నాలుగున్నరకు వీధి తలుపు గొళ్ళెం తీసేది. తుప్పు పట్టిన గొళ్ళెం. ఎంత మెల్లగా తీసినా ముందు కీచుమని, తర్వాత టక్కుమనేది. నేను నిద్రలోనే విని అటు తిరిగి పడుకునేవాణ్ని. ఏడాదిన్నరలో ఆ చప్పుడు లేకుండా తెల్లారిన రోజులు ఆదివారాలు తప్ప వేరే లేవు.

ఆమె గల్లీలు ఊడ్చేది. మా వార్డులో వైకుంఠం అనే మున్సిపాలిటీ కాంట్రాక్టరు కింద ముప్ఫై మంది ఆడవాళ్ళు, ఆరుగురికొక జట్టు. బాలమ్మ మొదటి జట్టుకు పెద్ద. అందరి మీద జమేదారు రాజన్న. పని చేయించడం, హాజరు వేయడం అతని పని.

నేను పెద్దపల్లి దిక్కు నుంచి వచ్చాను. సర్కారు బడిలో తెలుగులో చదివి, తర్వాత ఎం.సి.ఏ. చేశాను. బేగంబజార్‌లో స్టీలు గిన్నెల దుకాణం పైన, రెండో అంతస్తులో శ్రీహరిరావు గారి సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. మొత్తం ఐదుగురం. పక్క సందులో మిరపకాయల గోదాము ఉండేది. ఎండాకాలం కిటికీ తెరిస్తే తుమ్ములు, మూస్తే ఉక్కపోత. శ్రీహరిరావు గారిది తెనాలి. బ్యాంకు ఉద్యోగం వదిలేసి ఇందులో దిగారు. మనిషి చెడ్డవాడు కాదు. అందరికీ టీ ఆయనే పోసిచ్చేవారు.

ఆ ఏడు వైకుంఠం మా దగ్గరికి వచ్చాడు. రిజిస్టర్లన్నీ దొంగవే, రాని వాళ్ళకు కూడా జమేదార్లు హాజరు వేస్తున్నారు అని అతని గోడు.

"ఒకామె వచ్చి ఐదుగురి పేర్లు చెప్తది సార్. తతిమ్మా ఐదుగురు ఇంట్ల పండుకుంటరు. నా కండ్ల ముంగట గాదు, నా నెత్తి మీద ఊడుస్తున్నరు" అన్నాడు.

"ఫోన్‌లో పెట్టేద్దామండీ. అబద్ధం ఆడటానికి దానికి నోరే ఉండదు" అన్నారు శ్రీహరిరావు గారు.

ఆ పని నాకు పడింది. రంగుల తెర ఉన్న చిన్న ఫోనుకు జావా అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాము రాయాలి. తెరిస్తే ఐదు జట్ల పట్టీ వస్తుంది. ఒక జట్టు నొక్కితే ఆరు పేర్లు. వచ్చినవాళ్ళకు టిక్కు కొట్టి, మళ్ళీ జట్ల పట్టీకి రావాలి. అందరిదీ అయ్యాక చివరికి ఒక్కసారి 'పంపు' నొక్కితే లెక్కంతా కంపెనీ కంప్యూటరుకు చేరుతుంది. ప్రతి జట్టుకూ విడిగా పంపితే ఫోను ఖర్చు ఎక్కువని అలా పెట్టాం.

ఫోనులో ప్రోగ్రాము బతుకు మన చేతిలో ఉండదు. దానికి మూడు స్థితులు. నడుస్తూ ఉండటం, ఆగి ఉండటం, ముగిసిపోవడం. మూడు సున్నాలు గీసి, బాణాలు వేసి నా ముందు గోడకు అంటించుకున్నాను. నడిచేది ఆగుతుంది, ఆగింది మళ్ళీ నడుస్తుంది. ఆ రెండింటికీ మధ్య బాణం అటూ ఇటూ ఉంటుంది. ముగిసిన దాని నుంచి మాత్రం వెనక్కి బాణం లేదు. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు నడపాలో చెప్పేది ఫోను. కాల్ వస్తే మన ప్రోగ్రామును ఆపేస్తుంది. కాల్ అయిపోయాక 'స్టార్ట్‌యాప్' అనే భాగాన్ని పిలిచి మళ్ళీ నడిపిస్తుంది.

నేను ఆ పేరు దగ్గర మోసపోయాను. స్టార్ట్ అంటే మొదలు కదా, మొదలు ఒక్కసారే కదా అనుకున్నాను. ముప్ఫై పేర్ల ఖాళీ పట్టీ తయారుచేసే పని అందులోనే పెట్టాను. కొనసాగించడానికి వేరే పిలుపు లేదనీ, ఆగిన ప్రతిసారీ మళ్ళీ ఆ స్టార్ట్‌యాప్‌నే పిలుస్తారనీ చదివాను కానీ మనసుకు పట్టలేదు. సారు హాజరు పిలుస్తుంటే ఎవరో బయటికి పిలిచారనుకోండి. పోయి వచ్చి, ఆగిన చోటు నుంచి అందుకోకుండా రిజిస్టర్లో కొత్త పేజీ తిప్పినట్టు. నా ప్రోగ్రాము చేసేది అదే.

పరీక్ష చేయలేదా అంటే చేశాను. కంప్యూటరు మీద ఉత్తుత్తి ఫోను ఉంటుంది. అందులో ప్రోగ్రాము తెరిచి, మెనూలో 'పాజ్' నొక్కి, మళ్ళీ నడిపించాను. పట్టీ ఖాళీగా ఆగింది, ఖాళీగా తిరిగి వచ్చింది. బాగుంది అని రాసుకున్నాను. నాలుగు టిక్కులు కొట్టి అప్పుడు ఆపి చూడాలని తట్టలేదు.

జూన్ ఒకటిన రాజన్న మెడలో ఫోను పడింది.

నెల ముగిశాక, జూలై రెండున, శనివారం, లెక్క కాగితం అచ్చయి వచ్చింది. శ్రీహరిరావు గారు దాన్ని చేతిలో పట్టుకుని నవ్వుతున్నారు.

"వైకుంఠం గారు సంబరపడిపోతున్నాడయ్యా ఓదెలూ. ఇన్నేళ్ళూ రిజిస్టర్లో నూటికి తొంభై తొమ్మిది హాజరట. ఇప్పుడు చూడు, దొంగలు బయటపడ్డారు. ఒక జట్టుకు జట్టే గైర్హాజరు! తన కింద ఉన్న మిగతా వార్డులన్నిటికీ పెట్టమంటున్నాడు. నలభై ఫోన్లు."

కాగితం తీసుకుని చూశాను. మొదటి జట్టు. బాలమ్మ, మాణిక్యమ్మ, మరో నలుగురు. ఇరవై ఆరు రోజుల్లో పందొమ్మిది గైర్హాజరు.

ఆ పందొమ్మిది రోజులూ నేను గొళ్ళెం చప్పుడు విన్నాను.

మర్నాడు ఆదివారం బాలమ్మ వాకిట్లో కూర్చుని చీపురు కట్టుకుంటోంది. పొడుగు కర్రకు ఈనెలు బిగించి, పాత సైకిలు ట్యూబు ముక్కతో చుడుతోంది.

"పెద్దమ్మా, పోయిన నెల ఏమన్న నాగా పెట్టినవా?" అన్నాను.

"నాగానా? నా మొగడు సచ్చిన్నాడు పెట్టిన. మల్ల పెట్టలే. ఏం, నీకేమొచ్చె?"

"ఉత్తగనే."

"ఉత్తగ అడిగేటోనివి కాదు నువ్వు. ఉత్తగ మాట్లాడితే నోరు అరుగుతదని ఫికర్ నీకు."

నవ్వి మళ్ళీ ట్యూబు లాగింది. నేను లోపలికి వచ్చాను.

సోమవారం పొద్దున ఆమె వెనకే లేచాను. రాజన్న నిలబడే చోటు మూల మీద ఇరానీ హోటలు. అప్పుడే బట్టీ వెలిగించారు. రాజన్న ఫోనును ఎర్ర దారంతో మెడలో వేసుకుని, బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

"ఏందీ, కంపెనోళ్ళు గూడ పొద్దుగాల లేస్తరా? రా తమ్మీ. నీ మిషన్ మంచిగనే ఉన్నది. ఒత్తుకుంట పోవుడే."

మూడు జట్లు పని మొదలుపెట్టే ముందు అక్కడికే వచ్చి ముఖం చూపిస్తాయి. రెండు జట్ల గల్లీలు మాత్రం దూరం. వాళ్ళు అక్కడి దాకా నడిచి వచ్చి మళ్ళీ పోతే అరగంట దండగ. అందుకని ఎప్పుడో కట్టుబాటు చేసుకున్నారు. గల్లీ దగ్గర పాన్‌డబ్బా ముందు రూపాయి ఫోను ఉంటుంది. జట్టు మొత్తం వచ్చాక ఆ జట్టు పెద్ద రూపాయి బిళ్ళ వేసి రాజన్నకు ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తుంది. అవతల ఎత్తలేదు కనుక బిళ్ళ తిరిగి వస్తుంది. ఒక్క రింగంటే అందరూ వచ్చారు. రెండు రింగులంటే ఎవరో తక్కువ, వచ్చి చూసుకో. తర్వాత రాజన్న ఎట్లాగూ గల్లీలు తిరిగి చూసేవాడే.

"ఒక్కటే రూపాయి తమ్మీ. ఆరు నెలల సంది బాలమ్మ దగ్గర అదే బిళ్ళ తిరుగుతున్నది. అరిగి నున్నగైంది" అన్నాడు రాజన్న.

ఐదు కొట్టింది. ఫోను మోగి ఆగిపోయింది.

"ఇగో, వచ్చింది ముసల్ది. గడియారం దిద్దుకోవచ్చు."

మొదటి జట్టు తెరిచాడు. ఆరు టిక్కులు కొట్టాడు. అతనికి ఇంగ్లీషు అక్షరాలు రావు. వరసను బట్టి కొడతాడు. జట్ల పట్టీకి వచ్చి ఫోను వదిలేసి టీ తాగాడు. పావుగంటకు మళ్ళీ ఒక రింగు. రెండో జట్టు. కాల్ ఆగగానే తెర మీద మళ్ళీ జట్ల పట్టీ వచ్చింది. ముందు ఉన్నదీ అదే పట్టీ, ఇప్పుడు ఉన్నదీ అదే. తేడా ఏమీ కనబడదు. రెండో జట్టు తెరిచి టిక్కులు కొట్టాడు.

"ఒక్కసారి ఇయ్యి అన్నా" అన్నాను.

మొదటి జట్టు తెరిచాను. ఆరు గళ్ళూ ఖాళీ.

రెండో జట్టు వచ్చామని ఇచ్చిన రింగు మొదటి జట్టును తుడిచేసింది. మిగతా మూడు జట్లూ రింగులన్నీ అయ్యాక వచ్చి ముఖం చూపిస్తాయి, వాటికి ఏమీ కాదు. అందరికంటే ముందు వచ్చిన జట్టుకే గైర్హాజరు. రెండో జట్టు ముందు రింగు ఇచ్చిన నాడు వాళ్ళది పోయేది. ఎవరూ రింగు ఇవ్వని నాడు ఎవరిదీ పోయేది కాదు. బాలమ్మ ఒక ఇరవై నిమిషాలు ఆలస్యంగా పోయే మనిషి అయివుంటే నెలంతా హాజరు ఉండేది.

గబగబా ఆరు టిక్కులు నేనే కొట్టి ఫోను తిరిగి ఇచ్చాను.

"ఏమైంది తమ్మీ?"

"ఏం లేదన్నా."

ఆఫీసుకు పోయి పది నిమిషాల్లో సరిచేశాను. పట్టీ తయారీని స్టార్ట్‌యాప్ నుంచి తీసి, ప్రోగ్రాము పుట్టినప్పుడు ఒక్కసారే జరిగే చోట పెట్టాను. ఆగే ముందు టిక్కులను ఫోనులోనే దాచిపెట్టేలా ఇంకో నాలుగు వరసలు రాశాను. తర్వాత శ్రీహరిరావు గారి బల్ల దగ్గర నిలబడి జరిగింది చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"సరిచేసేశావా?"

"చేసిన సార్."

"మరింకేం? ఎప్పుడో ఒకప్పుడు కొత్త వెర్షన్ అంటూ ఎక్కించేద్దాం. గురువారం వైకుంఠం గారు పై వాళ్ళకు ఈ లెక్క చూపించుకుంటున్నాడు. అంతవరకూ ఫోన్ ముట్టుకోకు."

"లెక్కనే తప్పు గద సార్. ఆరుగురు ఆడోళ్ళు..."

"ఓదెలూ. మనం ఐదుగురం. ఈ నలభై ఫోన్లు రాకపోతే కింద గిన్నెలు తోముకోవాలి. నేను నెమ్మదిగా ఆయనకు చెప్తాలే. చెప్పే పద్ధతి ఒకటుంటుంది. నువ్వు నోరు జారకు, సరేనా నాన్నా?"

టీ పోసి ఇచ్చారు. తాగాను.

మంగళవారం, బుధవారం పొద్దున కూడా హోటలు దగ్గరికి పోయాను. రెండో జట్టు రింగు అయ్యాక ఫోను అడిగి తీసుకుని, మొదటి జట్టు టిక్కులు మళ్ళీ కొట్టి ఇచ్చాను. రాజన్న నవ్వాడు. "తమ్మికి మిషన్ మీద ప్రేమ పుట్టింది, పొద్దుగాల చూడకుంటే బుక్క దిగుతలేదు" అన్నాడు హోటలు భాయ్‌తో. భాయ్ "నయీ దుల్హన్ హై మియా" అన్నాడు, కొత్త పెళ్ళికూతురట. నేనూ నవ్వాను. ముందు ముందు తప్పు పడకపోతే చాలు, పోయిన నెల సంగతి శ్రీహరిరావు గారు చూసుకుంటారు అనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉంది.

బుధవారం సాయంత్రం ఆయన ఒక కాగితం నా ముందు పెట్టారు. ఇంగ్లీషులో పది వరసలు. ప్రోగ్రామును నడిచేటప్పుడు, ఆగినప్పుడు, మళ్ళీ మొదలైనప్పుడు, ముగిసినప్పుడు, అన్ని స్థితుల్లోనూ పరీక్షించాం, జూన్ ఒకటి నుంచి లెక్కలు సరైనవి అని ఉంది. కింద 'పరీక్షించినవారు' అని గీత.

"ఇది కొత్త వెర్షన్ గురించే గద సార్?" అన్నాను.

"ప్రోగ్రామ్ ఒకటే కదయ్యా. వెర్షన్లు అంటే ఆయనకేం అర్థమవుతుంది?"

జూన్ ఒకటి అన్న మాట మీద నా వేలు ఆగింది. నేను చూడలేదని చెప్పుకోవడానికి లేదు, చూశాను. కింద దుకాణంలో ఎవరో గిన్నెల దొంతి పడేశారు. ఆ మోత ఆగాక సంతకం పెట్టాను. నాకు ఇంగ్లీషు సంతకం రాదు. తెలుగులోనే పెడతాను.

గురువారం మధ్యాహ్నం మొదటి జట్టు మొత్తాన్నీ తీసేశారు.

నేను ఇంటికి వచ్చేసరికి వాకిట్లో మాణిక్యమ్మ ఉంది. ముప్ఫై ఐదేళ్ళు ఉంటాయి. ఎప్పుడూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే మనిషి. ఆ రోజు కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుని ఉంది. బాలమ్మ నిలబడే మాట్లాడుతోంది.

"పందొమ్మిది దినాలు రాలేదంట! మేము రాకుంటే ఆ గల్లీలు ఎవడు ఊడ్చిండు, వాని తాతా? రాజన్నగాడే చేసిండు ఇదంత. పోయిన దసరకు చీర పైసలల్ల కొసరు అడిగితే మేము ఇయ్యలే గద, కడుపుల పెట్టుకున్నడు. ఒత్తిన ఒత్తిన అనుకుంట ఒత్తకుండ ఉన్నడు."

"రాజన్న గసొంటోడు కాడు పెద్దమ్మా" అన్నాను.

"మరి ఎవడు? మిషనా? మిషన్‌కు నాతోని ఏం పగ?"

చెప్పేద్దామని నోరు తెరిచాను. మాణిక్యమ్మ కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది. శ్రీహరిరావు గారు చెప్తామన్నారు కదా, రేపు అడుగుదాం అనుకున్నాను. కాళ్ళు కడుక్కోవడానికి వెనక్కి పోయాను.

శుక్రవారం అడిగితే ఆయన "పేర్లు తీసేదాకా వెళ్తాడనుకోలేదయ్యా" అన్నారు. నిజంగానే ముఖం వాడిపోయి ఉంది. "ఇప్పుడు చెప్తే మన కాగితమే మనకు అడ్డం వస్తుంది" అని కూడా అన్నారు.

ఆ సాయంత్రం ఆరుగురు ఆడవాళ్ళూ రాజన్న ఇంటి మీదికి పోయారు. నేను గల్లీ మొదట్లో ఉండి చూశాను. రాజన్న గడప మీద నిలబడి, ఇద్దరు పిల్లల నెత్తి మీద చెరో చెయ్యీ పెట్టి ఒట్టు వేస్తున్నాడు. "ఒత్తిన బాలమ్మా, ఈ పోరగాండ్ల మీద ఒట్టు, దినాం ఒత్తిన" అంటున్నాడు. బాలమ్మ కాలి చెప్పు తీసి విసిరింది. అది అతని చెంపకు తగిలి లోపలికి పోయి పడింది. అతని భార్య లీలమ్మ ఆ చెప్పు తెచ్చి, గడప బయట పెట్టి తలుపు వేసుకుంది. లొల్లి చూడటానికి వచ్చినవాళ్ళు నవ్వారు.

శనివారం పొద్దున కూడా గొళ్ళెం చప్పుడు కాలేదు. లేచి చూస్తే బాలమ్మ నాలుగున్నర నుంచీ వాకిట్లోనే కూర్చుని ఉంది, ముఖం కూడా కడుక్కోకుండా.

"పెద్దమ్మా, రాజన్న తప్పు లేదు. మిషన్ తప్పు. నాతోని రా, వైకుంఠం దగ్గరికి పోదాం. నేను చెప్త" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. ఎప్పుడు, ఎట్లా అని అడగలేదు. లేచి చీర మార్చుకుని వచ్చింది.

వైకుంఠం ఆఫీసు శాలిబండలో. పనికి అడగడానికి వచ్చిన ఆడవాళ్ళు మెట్ల మీద వరసగా కూర్చుని ఉన్నారు. లోపల అతను పూరీలు తింటున్నాడు. నేను నిలబడే చెప్పాను. రూపాయి ఫోను, రింగు, ఆగడం, మళ్ళీ మొదలు కావడం. నా జన్మలో అంత పొడుగు మాట్లాడలేదు. అతను తినడం ఆపకుండా శ్రద్ధగానే విన్నాడు. నడుమ రెండు ప్రశ్నలు వేశాడు, రెండూ తెలివైనవే.

"అంటే మొదలొచ్చినోళ్ళకే ఎసరొచ్చింది అంటవ్" అన్నాడు చివరికి.

"ఔ సార్."

"మంచిగ చెప్పినవ్. నాకు సమజైంది. ఇప్పుడు ఒకటి నువ్వు సమజ్ చేసుకో. ఈ లెక్క మొన్న పైన చూపించిన. శభాష్ అన్నరు. ఇప్పుడు పోయి, సార్ ఇది తప్పు అంటే నన్ను ఏమంటరు? ఆ నలభై ఫోన్లు ఏమైతయి? మీ సార్ ఏమైతడు?"

"తప్పు తప్పే గద సార్. రాసిస్త. సంతకం పెట్టిస్త."

అతను చేతులు తుడుచుకుని సొరుగు లాగాడు. కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"సంతకం మల్లెందుకు? పెట్టినవ్ గద. గిది నీదే గద, ఓదెలు అని? తెలుగుల ముత్యాల లెక్క ఉన్నది. అన్ని తీర్ల చూసినం, జూన్ ఒకటి సంది లెక్క సరిగ్గ ఉన్నది. బుధవారం తారీకు. నేను పేర్లు తీసింది ఎప్పుడు? బేస్తవారం. ఈ కాగితం చేతికి వచ్చినంకనే తీసిన. ఉత్తగ ఒకరి నోటికాడి బుక్క గుంజుకునేటోన్ని కాదు నేను."

బాలమ్మ ఆ కాగితం వైపు చూసింది. చదవడం రాదు. అతను వేలు పెట్టిన చోటే చూసింది.

"నా పని ఆపకుండ్రి, బయట మస్తు మంది ఉన్నరు" అన్నాడు వైకుంఠం. పూరీ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

మెట్లు దిగాం. మెట్ల మీది ఆడవాళ్ళు బాలమ్మకు దారి ఇస్తూ ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. రోడ్డు మీదికి వచ్చాక ఆమె ఆగింది.

"నీకు ఎన్నడు తెల్సింది?"

"సోమవారం."

"మొన్నటి సోమవారమేనా?"

"ఔ."

వేలి కణుపుల మీద బొటనవేలు పెట్టి లెక్కపెట్టింది. సోమారం, మంగళారం, బుధారం. బుధవారం దగ్గర వేలు కాసేపు ఆగింది. తర్వాత బేస్తారం, శుక్కురారం.

"నిన్న నేను రాజన్నను చెప్పుతోని కొడుతుంటే నువ్వు గల్లీ మొదట్ల నిలవడ్డవు. చూసిన నిన్ను" అంది.

నేను ఆమె కాలి చెప్పుల వైపు చూశాను.

"ఇప్పుడు గూడ మాట్లాడవు. మాట్లాడేదానికి మాట్లాడవు, సంతకం పెట్టేదానికి పెడ్తవు. తిట్ట బిడ్డా నిన్ను. తిట్టుడు నిన్ననే ఒడిసిపోయింది, తప్పు మనిషిని తిట్టి ఒడగొట్టుకున్న." కొంగు నడుముకు దోపుకుంది. "రాజన్న ఇంటికి నేను పోత, వాని కాళ్ళు మొక్కుత. నువ్వు నా ఎంట రాకు. ఆ ఐదుగురి ఇండ్లకు నువ్వే పో. ఒక్కొక్కదానికి నీ నోటితోనే చెప్పు."

పోయింది. ఆమె నడకలో తొందర లేదు. రోడ్డు పక్కన పడి ఉన్న అరటితొక్కను అలవాటు కొద్దీ కాలితో పక్కకు తోసి నడిచింది.

మొదట మాణిక్యమ్మ ఇంటికి పోయాను. దగ్గరగా ఉన్నది అదే. రేకుల ఇల్లు, తలుపుకు గోనెపట్టా. పిలిస్తే బయటికి వచ్చింది. ఎడమ కన్ను కింద నల్లగా కమిలి ఉంది. గురువారం వాకిట్లో చూసినప్పుడు లేదు.

చెప్పాను. ఈసారి చిన్నగానే చెప్పాను. మీరు దినాం వచ్చారు, రాజన్న దినాం టిక్కు కొట్టాడు, రెండో జట్టు రింగు దాన్ని తుడిచేసింది, ఆ మిషన్ నేను రాసిందే అన్నాను. ఆమె తిడుతుందని చూశాను. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"అయితే నేను పనికి వచ్చినట్టే గద అన్నా?"

"వచ్చినట్టే అక్కా. ఒక్క దినం నాగా లేదు."

"పందొమ్మిది దినాలు వచ్చినట్టేనా?"

"ఔ."

"అయితే లోపటికి రా. మా ఆయనకు చెప్పు. పనికి పోకుండ పందొమ్మిది దినాలు పొద్దుగాల ఎవని తానికి పోయినవే అని మొన్నటి సంది సంపుతున్నడు. నేను చెప్తే ఇంటలేడు. కంప్యూటర్ అబద్ధం చెప్తదా అంటున్నడు. నువ్వు చదువుకున్నోనివి. నువ్వు చెప్తే ఇంటడు, రా."

గోనెపట్టా ఎత్తి పట్టుకుంది. నేను వంగి లోపలికి పోయాను. అతను మంచం మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. బక్కపలుచటి మనిషి. మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చెప్పాను. ఆమె నా పక్కనే నిలబడి ప్రతి మాటకూ తల ఊపుతోంది.

అతను అంతా విన్నాడు. బీడీ నేలకు రుద్దాడు. నా షర్టు చూశాడు, చేతి గడియారం చూశాడు, తర్వాత ఆమె ఇంకా పట్టుకునే ఉన్న నా చెయ్యి చూశాడు.

"పొద్దుగాల ఇది యాడికి పోయిందో నీకు అంత పక్కాగ ఎట్ల తెలుసురా?" అన్నాడు.